వరిమడిలో రంగుల ఉల్లంకి



ధర్మపురి దగ్గర మా చెరువు కింద, నాట్లకు నీరు కట్టిన మడిలో ఒక సాయంత్రం రెండు ఉల్లంకి పిట్టలు కనిపించాయి. ఒకదాని మెడ ముదురు ఎరుపు, కంటి చుట్టూ తెల్లని చార. రెండోది మాసిన మట్టి రంగు. నెమలి, కోడిపుంజు గుర్తుకొచ్చి, అందమైనదే మగది అని నోటుబుక్కులో రాసుకున్నాను.

ఇంటికి వచ్చి సలీం అలీ పుస్తకం చూస్తే నేను రాసింది తప్పని తేలింది. ఈ జాతిలో మెరిసేది ఆడది. గుడ్లు పొదిగేది, పిల్లలను సాకేది మగది.

గుర్తించడం ఇలా: చలికాలంలో వలస వచ్చే మామూలు ఉల్లంకి ముక్కు చాలా పొడవు, తిన్నగా ఉంటుంది. బెదిరితే వంకరటింకరగా, వేగంగా ఎగిరిపోతుంది. రంగుల ఉల్లంకి ముక్కు కొన కాస్త కిందికి వంగి ఉంటుంది. భుజం మీదుగా లేత రంగు పట్టీ ఉంటుంది. కాళ్లు వేలాడేసుకుని మెల్లగా ఎగురుతుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. గట్టు గడ్డిలో దీని గూడు, సాధారణంగా నాలుగు గుడ్లు కనబడితే, పిల్లలు లేచిపోయేదాకా అక్కడ గడ్డి కోయకండి.

తప్పు రాసిన పేజీ నేను చింపలేదు. కిందనే సరిదిద్ది తేదీ వేశాను. మీరూ ముందు చూసింది రాయండి, తర్వాత పేరు పెట్టండి.