తోడేలు మీద వేసిన నింద

తోడేలును అరబీలో 'జిఅబ్' అనీ, ఉర్దూలో 'భేడియా' అనీ అంటారు. తెలుగులో 'మేకవన్నె పులి' అనే కపటిని ఉర్దూవారు గొర్రెతోలు కప్పుకున్న భేడియా అంటారు.

దివ్య ఖుర్ఆన్‌లో ఈ మాట యూసుఫ్ సూరాలోనే మూడుసార్లు (12:13, 14, 17) వస్తుంది. మొదట తండ్రి హజ్రత్ యాఖూబ్ (అలైహి) నోట భయంగా, తర్వాత కుమారుల నోట ధీమాగా, చివరకు వారి నోటనే అబద్ధంగా. తండ్రి భయమే వారికి సాకు అయింది. తోడేలు ఏ పాపమూ ఎరుగదు. యూసుఫ్ (అలైహి)ను బావిలో పడవేసింది అన్నల అసూయ.

ఆకలిగొన్న రెండు తోడేళ్ళు గొర్రెల మందకు చేసే నష్టం కన్నా, ధనం, హోదాల పట్ల పేరాశ మనిషి ధర్మానికి చేసే నష్టమే ఎక్కువని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు (తిర్మిజీ).

మా ఖాజాగూడ గుట్టల చుట్టూ నేడు అద్దాల మేడలు లేచాయి. ప్రతి గజానికీ విలువ పెరిగింది. ఇటువంటి చోట "నీ పెళ్ళికి ఖర్చుపెట్టాం కదా" అంటూ చెల్లెలి వాటా ఎగవేసే అన్న చెప్పేదీ తోడేలు సాకే. ఆమె వాటాను నిర్ణయించినవాడు అల్లాహ్ (4:11). తోడేలును అడవిలో కాదు, ముందు మన మనసులో వెతుకుదాం.