స్టాకింగ్‌లో నక్షత్రాలు కలవట్లేదా? ఫోన్ మార్చే ముందు ఈ 5 చెక్ చేయండి

కృష్ణానగర్‌లో డాబా మీద ట్రైపాడ్ పెట్టి, ప్రో మోడ్‌లో ఓరియన్‌ని 50 ఫ్రేములు తీశారు. డీప్‌స్కైస్టాకర్‌లో వేస్తే ఒక్క ఫ్రేమే స్టాక్ అవుతుందని మెసేజ్. లేదంటే ఫైనల్ ఇమేజ్‌లో చుక్కలకు బదులు గీతలు. "ఈ కెమెరా వేస్ట్" అని డిసైడ్ అయిపోకండి. మన ఏరియా వెలుతురులో ఒక్క ఫ్రేముతో నాయిస్ తప్ప పెద్దగా ఏమీ దక్కదు. స్టాకింగే దిక్కు కాబట్టి, అలైన్‌మెంట్ సరిచేసుకోవాల్సిందే.

ముందు చిన్న లెక్క. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. 12 మెగాపిక్సెల్, 24 ఎంఎం కెమెరాలో ఒక్కో పిక్సెల్ సుమారు 77 ఆర్క్‌సెకండ్లు. అంటే 10 సెకన్ల ఫ్రేములు 50 తీసేసరికి ఓరియన్ దాదాపు 100 పిక్సెల్స్ పక్కకు జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేములో నక్షత్రాలు వెతికి, వాటితో త్రిభుజాలు కట్టి, రిఫరెన్స్ ఫ్రేముతో పోల్చి ఈ తేడా కనిపెడుతుంది. ఈ దారిలో ఎక్కడ ఆగిందో చూద్దాం.

1. ఒక్క ఫ్రేము జూమ్ చేయండి: నక్షత్రం గుండ్రంగా ఉందా? ఉబ్బితే ఫోకస్ తప్పింది, మాన్యువల్‌లో ఇన్ఫినిటీ దగ్గర సరిచేయండి. సాగితే షట్టర్ 10 సెకన్ల లోపు పెట్టండి. ఆకాశం మొత్తం తెల్లబడితే ఐఎస్ఓ తగ్గించండి.

2. ఫ్రేములన్నీ ఒకేలా ఉన్నాయా: లెన్స్, జూమ్, రిజల్యూషన్ మధ్యలో మారకూడదు. వీలైతే రా ఫైల్సే వాడండి. జేపెగ్‌లో ఫోన్ చేసే నాయిస్ రిడక్షన్ చిన్న నక్షత్రాలను తుడిచేస్తుంది.

3. స్టార్ కౌంట్: రిజిస్టర్ సెట్టింగ్స్‌లో డిటెక్షన్ థ్రెషోల్డ్ ఉంటుంది. నాలుగైదు నక్షత్రాలే దొరికితే తగ్గించండి. వేలల్లో వస్తే అది నాయిస్‌ని లెక్కపెడుతోంది, పెంచండి. 50 నుంచి 200 మధ్య ఉంటే హాయి.

4. డీఎక్స్, డీవై కాలమ్స్: అసలు గుట్టు ఇక్కడే బయటపడుతుంది. చివరి ఫ్రేముకి కూడా తేడా సున్నా దగ్గరే ఉంటే, సాఫ్ట్‌వేర్ పట్టుకున్నది నక్షత్రాలను కాదు, హాట్ పిక్సెల్స్‌ని. అవి ఫ్రేములో కదలవు కదా! లెన్స్ మూసి, అదే ఐఎస్ఓ, అదే షట్టర్‌తో 15 నుంచి 20 డార్క్ ఫ్రేములు తీసి లోడ్ చేయండి. హాట్ పిక్సెల్ డిటెక్షన్ ఆన్ చేయండి.

5. పక్క బిల్డింగ్ బల్బులు: ఇవీ కదలవు, ఇవీ మోసం చేస్తాయి. ఫోన్‌ని ఇంకాస్త పైకి తిప్పండి. తప్పకపోతే సీక్వేటర్‌లో ఆకాశం ఎంతవరకో మార్క్ చేయండి.

మధ్యలో బాగుండి మూలల్లో మాత్రమే సాగితే అది లెన్స్ డిస్టార్షన్. అంచులు క్రాప్ చేస్తే సరిపోతుంది.

ఈ పని మన చుట్టుపక్కల కొత్తేం కాదు. పక్కనే బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో గాజు ప్లేట్ల మీద ఆకాశాన్ని ఫొటో తీసి, అంతర్జాతీయ ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ కోసం దక్షిణ 17 నుంచి 23 డిగ్రీల పట్టీలో నక్షత్రాల స్థానాలు కొలిచింది. ప్లేటు ఎంత జరిగిందో, ఎంత తిరిగిందో తేల్చడానికి స్థానం ముందే తెలిసిన నక్షత్రాలే ఆధారం. ఇప్పుడు మీ ల్యాప్‌టాప్ చేసేదీ దాదాపు అదే, కాకపోతే సెకన్లలో. తర్వాతి కాలంలో ఉస్మానియా యూనివర్సిటీ 48 అంగుళాల టెలిస్కోప్‌ని సిటీకి దూరంగా రంగాపూర్‌లో పెట్టింది. వెలుతురు సమస్య వాళ్లకీ తప్పలేదు.

చివరగా ఒక మాట. 50 ఫ్రేములూ ఒకేసారి వేయకండి. మొదటిది, మధ్యది, చివరిది, ఈ మూడింటితో టెస్ట్ చేయండి. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. మూడూ కలిస్తే మిగతావీ చాలావరకు కలుస్తాయి. అప్పటికీ కుదరకపోతే, కొత్త ఫోన్‌కి ఈఎంఐ పెట్టే బదులు వీకెండ్‌కి ఊరి బయటికి బండి తీయండి.