రాయని మాట ఎవరికి తెలుస్తుంది?

వరి కోతలు సాగుతున్నాయి. సాయంత్రం ఐదు గంటలయింది. కొడవలి జారి అత్త కాలికి తెగింది. గాయం లోతుగా ఉంది. నెత్తురు ఆగలేదు. కోడలు శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద గట్టిగా అదిమి పట్టింది. పక్క చేను వాళ్ళు 108కి ఫోను చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ 108 బండ్లు 2005లో మొదలయ్యాయి.

బండి వచ్చేలోగా కోడలు కొడుకును ఇంటికి పరుగెత్తించింది. ట్రంకుపెట్టెలోని పాత చీటీల సంచి తెప్పించింది.

"ఇప్పుడు ఆ కాగితాలెందుకే?" అంది అత్త మూలుగుతూ.

"ఉండనీ అత్తమ్మా, అక్కరకొస్తాయి" అంది కోడలు.

పెద్దాసుపత్రిలో క్యాజువాలిటీకి తీసుకెళ్ళారు. ప్రాణం మీదికి వచ్చిన వాళ్ళను ముందుగా చూసే చోటు అది. డాక్టరు గాయం కడిగి కుట్లు వేస్తున్నాడు. నర్సమ్మ అడిగి కేసు షీటు రాస్తోంది.

"దెబ్బ ఎప్పుడు తగిలింది?"

"ఐదు గంటలకు."

"ఇంతకు ముందు జబ్బులేమైనా ఉన్నాయా?"

"షుగరుంది. రెండు పూటలా బిళ్ళలు వేసుకుంటుంది."

ఇంతలో లారీ గుద్దిన మనిషిని తెచ్చారు. నర్సమ్మ అటు పరుగెత్తింది. షీటు సగంలో ఆగిపోయింది.

కోడలు ఊరుకోలేదు. నర్సమ్మ తిరిగి రాగానే పాత చీటీ చూపించింది.

"ఇంకో మాట రాసుకోండి సిస్టరమ్మా. మా అత్తకు పెన్సిలిన్ పడదు. నాలుగేళ్ళ కింద ఆ సూది వేస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. ముఖం వాచింది. ఊపిరాడలేదు."

నర్సమ్మ షీటు పైన ఎర్ర సిరాతో 'పెన్సిలిన్ పడదు' అని రాసింది. ధనుర్వాతం రాకుండా సూది వేసింది. ఎన్ని గంటలకు వేసిందో అదీ రాసింది.

"నోటితో చెప్పింది చాలదా తల్లీ?" అంది అత్త.

నర్సమ్మ నవ్వింది. "రాత్రి ఎనిమిదికి నా డ్యూటీ అయిపోతుందమ్మా. నేను విన్న మాట నాతోనే ఇంటికి పోతుంది. కాగితం మాత్రం మీ మంచం దగ్గరే ఉంటుంది."

రాత్రి వేరే డాక్టరు వచ్చాడు. అత్త నిద్రలో ఉంది. కోడలు మంచినీళ్ళకు వెళ్ళింది. చెప్పేవాళ్ళు లేరు. డాక్టరు షీటు చదివాడు. ఎర్ర అక్షరాలు చూశాడు. పెన్సిలిన్ జాతి మందులు వదిలి వేరే మందు రాశాడు.

కోడలు గబగబా వచ్చింది. "అయ్యా, మా అత్తకు పెన్సిలిన్..."

"చూశానమ్మా. రాసి ఉంది" అన్నాడు డాక్టరు.

అత్త ప్రాణానికి ఆ ఒక్క వరుస కాపలా కాసింది.

గుర్తుంచుకుందాం

ఆసుపత్రిలో ఈ సంగతులు అడగకపోయినా చెప్పాలి. రాశారో లేదో అడగాలి.

1. దెబ్బ తగిలిన వేళ, జబ్బు మొదలైన వేళ.
2. పాత జబ్బులు, రోజూ వాడే మందులు.
3. పడని మందు పేరు.
4. ఆడవాళ్ళయితే గర్భం సంగతి.
5. దారిలో ఇచ్చిన మందు, నాటు మందు అయినా సరే.

ఇంటికి వచ్చేటప్పుడు చీటీలన్నీ తెచ్చుకోవాలి. ఒకే సంచిలో దాచాలి. ఆసుపత్రిలో చేరిన రోగి తన కాగితాల నకలు అడగవచ్చు. అడిగిన 72 గంటల లోపల డాక్టర్లు ఇవ్వాలి. భారత వైద్య మండలి 2002లో చేసిన నియమాలలో ఈ మాట ఉంది.

ఆలోచించండి

1. కోడలు పాత చీటీలు తేకపోతే ఏమయ్యేది?
2. మీ ఇంట్లో ఎవరికి ఏ మందు పడదు? ఈ రోజే మీ నోటు పుస్తకంలో రాయండి.