అడుగంటనీయరాని నిధి: సీసపు బ్యాటరీ సంరక్షణ

‘కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయి’ అన్న పెద్దల మాట ధనానికే కాదు, బ్యాటరీకి కూడా వర్తిస్తుంది. అయితే ఈ రెంటికీ ఒక భేదం కలదు. ఖర్చయిన ధనాన్ని మరల సంపాదించి పెట్టెను మునుపటివలె నింపుకోవచ్చు. పూర్తిగా అడుగంటిన బ్యాటరీని ఎంత నింపినా అది మునుపటివలె నిండదు. పెట్టె పరిమాణమే కుంచించుకుపోతుంది. ఈ విషయం తెలియక మన ప్రాంతంలో ఏటా ఎన్నో బ్యాటరీలు అకాలంలో మూలపడుతున్నాయి. కనుక దీని కారణాన్నీ, నివారణోపాయాన్నీ మన విద్యార్థుల ముందుంచదలచాము.

సీసపు బ్యాటరీ చాలా పాతది. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే దీనిని కనుగొన్నాడు. 1881లో కమీల్ ఫోర్ ఫలకాలపై సీసపు సమ్మేళనాన్ని ముద్దగా పూసే పద్ధతిని ప్రవేశపెట్టి దీనిని వ్యాపారయోగ్యం చేశాడు. నేడు లిథియం బ్యాటరీలు విస్తరిస్తున్నా, విజయవాడ ఆటోనగర్‌లోని లారీలోనూ, సామాన్య గృహస్థుని ఇన్వర్టరు క్రిందనూ ఎక్కువగా కనిపించేది ఈ సీసపు బ్యాటరీయే.

దీనిలో ధనఫలకం సీసపు డయాక్సైడు, ఋణఫలకం మెత్తని సీసం. రెంటి మధ్య సజల గంధకికామ్లం. మనం విద్యుత్తును వాడుకొన్నకొద్దీ రెండు ఫలకాలపైనా సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది, ఆమ్లం పలుచబడుతుంది. నిండు బ్యాటరీలో ఆమ్లపు విశిష్ట గురుత్వం 1.24 నుండి 1.28 వరకు ఉంటుంది, అడుగంటేసరికి 1.12 దరిదాపులకు దిగుతుంది. అప్పుడే ఏర్పడిన సల్ఫేటు సన్నని స్ఫటికాలుగా ఉంటుంది. వెంటనే చార్జి చేస్తే అది తిరిగి సీసంగా, ఆమ్లంగా మారిపోతుంది. దినాలతరబడి అట్లాగే వదిలివేస్తే ఆ స్ఫటికాలు పెరిగి గట్టిపడతాయి. ఇక ఏ చార్జరూ వాటిని సులభంగా కరిగించలేదు. ఫలకంలో అంత భాగం మనకు శాశ్వతంగా దక్కకుండా పోతుంది. దీనినే సల్ఫేషన్ అంటారు.

దీనిని మన డెల్టావాసులకు సుపరిచితమైన పోలికతో చెప్పుకొందాము. నాగార్జునసాగరం పూర్తి నీటిమట్టం 590 అడుగులు; కనీస మట్టం 510 అడుగులు. 510 అడుగుల వద్ద జలాశయంలో నీరు లేక కాదు. అక్కడ ఆగవలెనన్నది ఒక కట్టడి. బ్యాటరీకి కూడా అటువంటి కట్టడి అవసరం.

ఆ మట్టాన్ని తెలుసుకొనే సాధనం వోల్టుమీటరు. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు ఘటాలు ఉంటాయి. చార్జింగు, వాడకం రెండూ ఆపి కొన్ని గంటలు విశ్రాంతినిచ్చి కొలిస్తే, నిండు బ్యాటరీ సుమారు 12.7 వోల్టులు, సగం మిగిలినది 12.2 వోల్టులు చూపుతుంది. 11.8కి వచ్చినదంటే దాదాపు ఖాళీ అయినట్లే. 12.7కీ 11.8కీ మధ్య ఒక్క వోల్టు తేడా కూడా లేదు! ‘ఇంకా పదకొండు వోల్టులున్నవి కదా’ అనుకొనేవారు ఇక్కడనే మోసపోతున్నారు. ఘటాలన్నీ సమాన బలం కలవి కావు. అన్నింటికంటె బలహీనమైనది ముందుగా ఖాళీ అయి, తక్కినవి దానిగుండా విద్యుత్తును నెట్టగా విపరీత ధ్రువత పొంది చెడిపోతుంది.

ఇక మన ముంగిటి ఉదాహరణ. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి గన్నవరం మీదుగా పోతుంది. రాత్రివేళ లారీని ప్రక్కన నిలిపి, ఇంజను ఆపి, క్యాబినులో ఫ్యాను వేసుకొని నిద్రించే డ్రైవర్లు ఎందరో. లారీ బ్యాటరీ సన్నని ఫలకాలు కలది. ఇంజనును కదలించటానికి కొద్ది క్షణాలపాటు అధిక విద్యుత్తు ఇవ్వటమే దాని పని. రాత్రంతా ఫ్యాను త్రిప్పటం దాని పని కాదు. సాధారణంగా లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. కొందరు వాటిలో ఒక్కదాని నుండే తీగ లాగి ఫ్యానుకు కలుపుతారు. అప్పుడు ఒకటి క్షీణిస్తుంది, రెండవది అధికంగా చార్జి అవుతుంది, రెండూ చెడుతాయి. 24 వోల్టులను 12కు తగ్గించే కన్వర్టరును వాడటం మేలు. అంతకంటె ఉత్తమం, విదేశాలలో క్యాంపర్ వాహనాలలో చేసినట్లు, క్యాబిను అవసరాలకు మందమైన ఫలకాల బ్యాటరీని వేరుగా ఉంచి, పైకప్పుపై చిన్న సౌరఫలకం అమర్చి, ఇంజను బ్యాటరీతో దానిని రిలే ద్వారా వేరుచేయటం. అప్పుడు ఫ్యాను ఆగినా తెల్లవారి బండి కదులుతుంది.

సౌరఫలకం ఉన్నది కనుక భయం లేదనుకోరాదు. లెక్క వేసి చూద్దాము. 150 ఆంపియర్ అవర్, 12 వోల్టుల బ్యాటరీలో 1800 వాట్ అవర్లు ఉంటాయి. అందులో సగమే, అనగా 900, మనది. రెండు 75 వాట్ల ఫ్యాన్లు, మూడు 10 వాట్ల దీపాలు కలిపి 180 వాట్లు. ఇన్వర్టరులో పోయే నష్టంతో సుమారు 210. ఆ సగం నాలుగు గంటలు కూడా నిశ్చింతగా రాకపోవచ్చు; ఏలననగా నిదానంగా వాడినంత విద్యుత్తు వేగంగా తోడితే లభించదు. ఇక 200 వాట్ల ఫలకం మంచి ఎండలో, నష్టాలు పోగా, రోజుకు ఆరేడు వందల వాట్ అవర్లు ఇవ్వవచ్చు. మబ్బు పట్టితే అందులో కొద్ది భాగమే. కనుక ముసురు పట్టిన రోజులలో మొదటి రాత్రి లోటు రెండవ రాత్రికి కలిసి, మూడవనాటికి బ్యాటరీ అడుగంటుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మొదలైన ప్రాంతాలు మునిగినప్పుడు, కరెంటు లేని రాత్రులు ఎట్లుంటాయో మనవారు అనుభవించారు. అటువంటి వేళ ఒక్క దీపం, ఒక్క ఫోను చార్జింగు ప్రాణరక్షకం కాగలవు. మొదటి రాత్రే ఫ్యాన్లకు ధారపోసిన బ్యాటరీ ఆ సాయం చేయలేదు.

ఈ కట్టడిని యంత్రమే అమలుపరచే ఏర్పాటు ఉన్నది. మంచి సోలార్ చార్జి కంట్రోలరు, వోల్టేజి సుమారు 11.4కు దిగగానే ఉపకరణాలకు విద్యుత్తును ఆపివేస్తుంది, తిరిగి 12.6 వరకు ఎక్కితే గాని కలపదు. ఈ ఎడం ఎందుకు? వాడకం ఆగగానే వోల్టేజి దానంతటదే కొంత పైకి లేస్తుంది. ఎడం లేకపోతే దీపం ఆరుతూ, వెలుగుతూ బ్యాటరీని మరింత పీల్చివేస్తుంది. ఒక జాగ్రత్త ముఖ్యం. ఉపకరణాలు కంట్రోలరులోని ‘లోడ్’ కొసలకు కలిపినప్పుడే ఈ రక్షణ పనిచేస్తుంది. ఇన్వర్టరును నేరుగా బ్యాటరీకి కలిపితే కంట్రోలరు చూస్తూ ఉండటం తప్ప చేయగలిగినదేమీ లేదు. అప్పుడు ఇన్వర్టరు స్వంత కట్టడిపైనే ఆధారపడాలి. అనేక ఇన్వర్టర్లు 10.5 వోల్టుల వద్ద ఆగుతాయి. ఒక్క చిన్న దీపమే వెలుగుతూ 10.5కు దిగినదంటే బ్యాటరీ పూర్తిగా శుష్కించినదని అర్థం.

మరికొన్ని సూత్రాలు: వాడిన బ్యాటరీని ఆనాడే, లేదా మరునాడు పూర్తిగా నింపవలె. ఊరికి పోయేటప్పుడు ఇన్వర్టరును పూర్తిగా ఆపవలె. ఖాళీగా ఉన్నా అది కొంత తాగుతూనే ఉంటుంది. తగ్గినది నీరే కనుక స్వేదనజలమే పోయవలె, ఆమ్లం పోయరాదు. చార్జింగులో హైడ్రోజన్ వెలువడుతుంది కనుక గాలి ఆడే చోటే, నిప్పుకు దూరంగా, వరదనీరు అందని ఎత్తున బ్యాటరీని ఉంచవలె. చెడిపోయిన దానిని పెరటిలో పగులగొట్టరాదు. సీసం చిన్నపిల్లల మెదడుకు విషం. పాత బ్యాటరీలను తిరిగి తీసుకొనే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు ఉత్పత్తిదారులపై ఉంచినవి. దుకాణంలో పాతది ఇచ్చి క్రొత్తది కొనటం మన ఊళ్ళలో ఉన్న వాడుకే.

విద్యార్థులకు చిన్న అభ్యాసం. మీ ఇంటి ఇన్వర్టరుపై నడిచే వస్తువుల వాట్లను ఒక కాగితంపై వ్రాసి కూడండి. బ్యాటరీపై ముద్రించిన ఆంపియర్ అవర్లను 12తో గుణించి, సగం చేసి, ఆ మొత్తంతో భాగించండి. వచ్చిన గంటలలో కొంత తగ్గించి, ఆ కాగితాన్ని ఇన్వర్టరు ప్రక్కనే అంటించండి. కరెంటు పోయిన రాత్రి ఏ స్విచ్చి ముందు ఆపవలెనో ఇంటిల్లిపాదికీ అదే చెబుతుంది.