ఓటరు జాబితాలో మీ పేరు ఉన్నదా?

పాల సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము మొదట అడిగేది సభ్యుల రిజిస్టరు. పాల లెక్కలు, వెన్న శాతం పట్టీలు ఆ తరువాతే. రిజిస్టరులో పేరు లేని మనిషి ఎన్ని లీటర్లు పోసినా సర్వసభ్య సమావేశంలో ఓటు వేయలేడు. పంచాయతీ, మునిసిపల్ ఎన్నికలలోనూ ఇదే పద్ధతి. చేతిలో గుర్తింపు కార్డు ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నట్లు కాదు, జాబితాలో పేరుండాలి. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికలనాడు, కార్డు పట్టుకొని వచ్చి పేరు లేక వెనుదిరిగినవారు ఎందరో. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. క్షమాపణ మంచిదే గాని, పోయిన ఓటు తిరిగి రాదు కదా!

పంచాయతీకి వేరే జాబితా ఉంటుందని చాలామంది సభ్యులు అనుకుంటారు. అది పొరపాటు. శాసనసభ ఓటర్ల జాబితానే ఆధారంగా తీసుకొని, దానిని వార్డులవారీగా విడదీసి స్థానిక ఎన్నికలు జరుపుతారు. కనుక శాసనసభ జాబితాలో లేని పేరు వార్డు జాబితాలోకి ఎక్కడినుంచి వస్తుంది? ఎన్నికల ప్రకటన వెలువడిన తరువాత పరుగులు తీయడం కంటే, పనులు తీరికగా ఉన్నప్పుడే చూసుకోవడం మేలు.

కొత్తగా పేరు చేర్చడానికి 6వ నంబరు ఫారం. ఇల్లు మారినా, పేరులో గాని వయస్సులో గాని తప్పు దొర్లినా 8వ నంబరు. చనిపోయినవారి పేరు తీసివేయడానికి 7వ నంబరు. వీటిని మీ పోలింగ్ కేంద్రానికి నియమించిన బూత్ స్థాయి అధికారికి ఇవ్వవచ్చును. ఓటు వయస్సు 1989లో 21 నుంచి 18కి తగ్గింది. పూర్వం జనవరి 1 నాటికి 18 నిండితేనే ఆ సంవత్సరం అవకాశం. 2022 ఆగస్టు నుంచి ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 కూడా అర్హత తేదీలయ్యాయి. దరఖాస్తు తిరస్కరిస్తే ఊరుకోనక్కరలేదు. పదిహేను రోజులలోగా జిల్లా ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చును.

ఇక మాకు తరచుగా ఎదురయ్యే చిక్కు వేరొకటి. మేము ఉండేది సికింద్రాబాదు పద్మారావు నగర్‌లో. మన సభ్యుల బిడ్డలు చదువులకని, ఉద్యోగాలకని వచ్చి ఈ చుట్టుపక్కల అద్దె గదులలో ఉంటారు. ఊళ్ళో ఓటు అలాగే ఉంచుకొని ఇక్కడా ఒకటి రాయించుకుందామని కొందరు అడుగుతారు. కుదరదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒకరికి ఒకేచోట ఓటు. అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఊళ్ళో సొంత ఇల్లున్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరు. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన నివాసం పోదు కూడా. విద్యార్థులు తల్లిదండ్రుల వద్దనైనా, హాస్టలు ఉన్నచోటనైనా, ఏదో ఒక్కచోట నమోదు చేసుకోవచ్చును. ఉద్యోగమొచ్చి ఇక్కడే కాపురం పెట్టినవారు 8వ నంబరు ఫారంతో ఓటును ఇక్కడికి మార్చుకోవడమే సబబు.

అలా మార్చుకున్నవారైనా ఇక్కడ ఓటు వేస్తున్నారా? హైదరాబాదు మహానగర పాలక సంస్థ ఎన్నికలలో 2009లో నూటికి 42 మంది, 2016లో 45 మంది, 2020 డిసెంబరు 1న 46 మంది చిల్లర ఓటేశారు. 2025 డిసెంబరులో తెలంగాణ గ్రామ పంచాయతీలకు జరిగిన పోలింగు నూటికి 80 దాటింది. తెల్లవారకముందే పాల పాకెట్టు కోసం బూత్ దగ్గర నిలబడే మా కాలనీ పెద్దమనుషులకు పోలింగ్ కేంద్రం దగ్గర వరుస మాత్రం ఎందుకో భారమనిపిస్తుంది.

ఆ 2025 ఎన్నికలలోనే నిర్మల్ జిల్లా లోకేశ్వరం మండలం బాగాపూర్‌లో ఒకరికి 189 ఓట్లు, మరొకరికి 188 వచ్చాయి. చెల్లకుండా పోయిన ఓటు ఒకటి! సర్పంచి పదవిని తేల్చింది ఆ తేడాయే. కాబట్టి ఓటు వేసే తీరు గురించి కూడా రెండు మాటలు. సర్పంచికి గులాబీ రంగు పత్రం, వార్డు సభ్యునికి తెల్లది. వాటిమీద అభ్యర్థుల పేర్లుండవు, గుర్తులే ఉంటాయి. మనవారి గుర్తు ముందే తెలుసుకొని వెళ్ళాలి. ముద్ర ఒక్క గుర్తు మీదనే వేయాలి. సంతకం గాని వేలిముద్ర గాని వేస్తే ఆ పత్రం చెల్లదు. మడిచేటప్పుడు ముందు నిలువుగా, పిమ్మట అడ్డంగా మడవాలి.

సోదరీమణులకు ప్రత్యేకంగా ఒక మాట. 1951–52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలకు జాబితా రాసేటప్పుడు, ఉత్తరాదిన అనేకమంది స్త్రీలు తమ పేరు చెప్పక ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి తల్లి’ అని రాయించారు. పేరు లేనిదే ఓటు లేదని ఎన్నికల సంఘం పట్టుబట్టడంతో దాదాపు 28 లక్షలమంది పేర్లు జాబితాకు ఎక్కలేదు. మన పాల సంఘాలలో ఇప్పటికీ ఆ ఛాయలు కనిపిస్తాయి. పాలు పితికేది, కేంద్రానికి తెచ్చి పోసేది ఆమె. సభ్యత్వం ఆయన పేర! తెలంగాణ పంచాయతీలలో సగం స్థానాలు మహిళలకు కేటాయించారు. ఓటరు జాబితాలో పేరు లేనివారు పోటీకి కూడా అర్హులు కారు.

పంచాయతీతో మనకేం పని అనే సభ్యులు రాజ్యాంగం పదకొండవ షెడ్యూలు చూడాలి. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలలో పశుపోషణ, పాడి పరిశ్రమ ఒకటి; వంటచెరకు, పశుగ్రాసం మరొకటి; తాగునీరు, రోడ్లు సరేసరి. గ్రామానికి పశువుల నీటితొట్టి కావాలన్నా, వానాకాలంలో పాల బండి కేంద్రం వరకు రావాలన్నా మాట్లాడవలసింది అక్కడనే.

ముసాయిదా జాబితా ప్రకటించిన వారంలో కార్యదర్శులు దాని ప్రతి ఒకటి సంపాదించి పాల సేకరణ కేంద్రంలో గోడకు అంటించగలరు. సాయంత్రం పాలు పోయడానికి అందరూ ఎలాగూ వస్తారు. చదువు రానివారి పేర్లు పరీక్షకుడు చదివి వినిపిస్తే పది నిమిషాల పని.