ముసురులో జంట సైకిలు ప్రయాణము

ప్రశ్న: ఆలుమగల మిరువురము శ్రావణమాసమున నిర్మల్ నుండి ఖానాపూర్, కడెం, జన్నారం మీదుగా మంచిర్యాలకు సైకిళ్లపై పోవ సంకల్పించితిమి. ముసురు పట్టినచో సాగవచ్చునా?

జవాబు: ముసురులో నిరభ్యంతరముగా తొక్కవచ్చును, వాగు పొంగినపుడు మాత్రము నిలిచిపోవలెను. ఖానాపూర్ దాటిన పిమ్మట మీ మార్గము, ఉత్తరపు గుట్టల నుండి దిగి గోదావరిలో కలియు వాగులను అడ్డముగా దాటుచు పోవును గనుక, మీ తలపై చినుకు లేకున్నను, ఉట్నూరు అడవులలో కురిసిన వాన అనతికాలముననే కల్వర్టును ముంచివేయవచ్చును. 2022 జూలైలో కడెం జలాశయమునకు వచ్చిన వరద గేట్ల సామర్థ్యమునే మించినది. మోకాలిలోతు ప్రవాహమైనను సైకిలుతోకూడ మనిషిని ఈడ్చుకొనిపోగలదు. ఒకరు దాటి రెండవవారు ఈవల చిక్కుపడుట మఱియు కష్టము. నీరు తీయువఱకు ఇరువురును ఒక్క గట్టుననే ఉండుడు.

తడిసిన రిమ్మును బ్రేకు రబ్బరు వెంటనే పట్టదు. కావున ముందుగానే మెల్లగా నొక్కి, నీరు తుడిచిపెట్టుకొనిపోయిన పిదప గట్టిగా పట్టవలెను. వెనుకవారు ముందువారి చక్రమును అంటి రాగూడదు. గొలుసును ప్రతి సాయంకాలము తుడిచి నూనె వేయుడు. నెమ్మదిగా తొక్కువారి వేగమే ఇరువురి వేగము కావలెను. ఆ నెమ్మదివారు భార్యయే అయి తీరవలెనని నియమమేమియు లేదు!

జన్నారం పరిసరములలోని కవ్వాల్ అడవి 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. అచ్చట చీకటి పడకమునుపే ఊరు చేరుకొనుడు.