పాచికల టూల్‌కు వివరణ ఎంత రాయాలి?

ప్రశ్న: డంజన్స్ అండ్ డ్రాగన్స్ నడిపే ఏఐ ఏజెంట్‌కు పాచికలు వేసే టూల్ ఇచ్చాను. పేరు చూసి అదే అర్థం చేసుకోదా?

జవాబు: పేరొక్కటే చాలదు. ఏజెంట్‌కు సాధారణంగా మీ కోడ్ కనిపించదు. టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్‌ల వివరాలే కనిపిస్తాయి. ‘పాచికలు వేస్తుంది’ అని వదిలేస్తే, ఏజెంట్ టూల్‌ను పిలవకుండానే దాడి ఫలితాన్ని కల్పించేయవచ్చు. కాబట్టి ఎప్పుడు పిలవాలో స్పష్టంగా రాయండి. ఏం తిరిగొస్తుందో చెప్పడం ఇంకా ముఖ్యం. ఈ ఆటలో సాధారణంగా పాచికపై నేరుగా 20 పడితేనే క్రిటికల్ హిట్. పాచిక అంకె, బోనస్ కలిపిన మొత్తం వేర్వేరని చెప్పకపోతే, 15కు 5 కలిసి వచ్చిన 20ని కూడా ఏజెంట్ క్రిటికల్ అనుకోవచ్చు.

వివరణ పెరిగితే కాంటెక్స్ట్ ఖర్చవుతుందన్న అభ్యంతరం నిజమే. అందుకే నియమాల పుస్తకమంతా కుక్కకండి. ఎప్పుడు పిలవాలి, ఏమివ్వాలి, ఏమొస్తుంది, ఇన్‌పుట్ తప్పైతే ఏమవుతుంది: ఈ నాలుగూ చాలు. రాశాక కొన్ని దాడులు ఆడించి, ప్రతిసారీ టూల్‌ను పిలిచిందో లేదో లాగ్‌లో తప్పక చూసుకోండి.